చెరసాలలో పుట్టిన పాట: నాగయ్య 'రామదాసు'

సినిమా సంగీతం మాట వచ్చినప్పుడు మన అభ్యుదయ మిత్రులలో ఒక అలవాటు కనిపిస్తుంది. ప్రబోధ గీతాలను, పల్లె బాణీలను, శ్రీశ్రీ పాటలను ఆదరంగా చెప్పుకుంటాము. భక్తి చిత్రాల పాటలన్నిటినీ ఒకే మూటగా కట్టి అటకమీద పడవేస్తాము. 1964లో విడుదలైన చిత్తూరు నాగయ్య 'రామదాసు' పాటలు ఆ మూటలోనే ఉండిపోయినవి. వాటిని దింపి వినవలసి ఉన్నదని నా వాదన. నేను నాగయ్య అభిమానిని. అయితే అభిమాని కూడా కారణాలు చెప్పవలసిందే.

నాగయ్య 1904లో రేపల్లెలో పుట్టారు. ఆయనను రంగస్థలం మీద నిలబెట్టింది చిత్తూరు రామవిలాస సభ. అందుకే ఆ ఊరు ఆయన పేరుకు ముందు చేరింది. చిత్తూరులో ఆయన పేరున కళాక్షేత్రం ఉన్నది. తిరుపతిలో నా దగ్గర చదివే చిత్తూరు పిల్లలకు ఆ భవనం బాగా తెలుసు. ఆ మనిషి గొంతు మాత్రం వారిలో చాలామంది ఎన్నడూ వినలేదు.

ఈ మరుపునకు కారణాలు ఆ పాటలు వచ్చిన కాలంలోనే ఉన్నవి. 'మూగమనసులు', 'అమరశిల్పి జక్కన', 'డాక్టర్ చక్రవర్తి', 'రాముడు భీముడు' అన్నీ 1964 నాటివే. నటుడే పాడుకునే రోజులు అప్పటికి దాటిపోయినవి. నాగయ్య నటించి, సంగీతం కూర్చిన 'స్వర్గసీమ'లో 1945లో తొలిసారి సినిమా పాటకు గొంతు విప్పిన ఘంటసాల, ఇరవై ఏళ్లు తిరక్కుండా తెలుగు పాటకు కొలబద్ద అయ్యారు. అటువంటి రోజుల్లో 60 ఏళ్ల నాగయ్య తానే నిర్మాత, తానే దర్శకుడు, తానే కథానాయకుడుగా ఈ చిత్రం తెచ్చారు. నిర్మాణం ఏళ్లతరబడి సాగింది, ఆస్తిని హరించింది. 1965లో పద్మశ్రీ వచ్చినా, చిన్నచిన్న వేషాలతో కాలం వెళ్లబుచ్చి 1973లో ఆయన కన్నుమూశారు. మార్కెట్టు ఇచ్చిన ఈ తీర్పును మనం కళావిమర్శగా స్వీకరించడం న్యాయమా?

ఇక పాటల సంగతి. నాగయ్య అంతకుముందు పోతనగా, త్యాగయ్యగా (1946), వేమనగా (1947) నటించారు. పోతన, త్యాగయ్య రాజుల కొలువుకు దూరంగా నిలిచినవారు. కంచర్ల గోపన్న అటువంటివాడు కాదు. ఆయన పాల్వంచ తహసీల్దారు, గోల్కొండ ప్రభుత్వపు ఉద్యోగి. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి చెరసాల పాలైనవాడు. కనుక ఆయన కీర్తనల్లో వినిపించేది విరాగి శాంతం కాదు, దెబ్బలు తింటున్న ఖైదీ నిలదీత. దేవుని కుటుంబంలో ఎవరెవరికి ఏ నగ చేయించాడో లెక్క ఒప్పజెపుతాడు. ఆ సొమ్ము ఎవరిదని దేవుణ్ణే కడిగేస్తాడు. మరుక్షణం, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని సంజాయిషీ చెప్పుకుంటాడు. ఇంత పచ్చిగా మాట్లాడే మనిషి మన పాత సాహిత్యంలో ఎంతమంది ఉన్నారు?

ఈ సాహిత్యానికి నాగయ్య గొంతు ఎందుకు తగినదంటే, ఆయన పాడేటప్పుడు మాట చెదరదు. గమకం కోసం అక్షరాన్ని సాగదీయరు. వాక్యం ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది. స్వరం పైకెక్కవలసిన చోట కూడా ఆవేశాన్ని బిగపట్టి, చెప్పుకుంటున్నట్టే పాడతారు. వయసు తెచ్చిన బరువు ఆ గొంతులో వినిపిస్తుంది. ఖైదీకి ఆ బరువే కావాలి. కచేరీ విద్వాంసుని నైపుణ్యం కోరేవారికి బాలమురళీకృష్ణ రామదాసు కీర్తనలు ఉన్నవి. అవి గొప్పవి. నాగయ్య పాటలో ఉన్నది మరొకటి: మన రాయలసీమ పల్లెల్లో, భజన గుడిలో రాత్రిపూట హార్మనీ ముందు కూర్చుని పాడే పెద్దమనిషి పలుకుబడి.

ఇందులో మరొక విశేషం కబీరు. గుమ్మడి ధరించిన ఆ పాత్రకు పాడినవారు మహమ్మద్ రఫీ. చరిత్ర ప్రకారం కబీరు 15వ శతాబ్దివాడు, గోపన్న 17వ శతాబ్దివాడు. వారు కలుసుకోవడం అసంభవం. అయినా జనం కథ అల్లుకున్నారు. రామమంత్రం ఉపదేశించడానికి ముస్లిం సాలె ఇంట పెరిగిన కబీరును కాశీనుంచి, రెండు వందల ఏళ్లు దాటించి, నేలకొండపల్లి బ్రాహ్మణ అధికారి ముందుకు తెచ్చుకున్నారు. చరిత్రకారునికి ఇది పొరపాటు. జనం కోరిక ఏమిటో తెలుసుకోగోరేవారికి ఇంతకంటె మంచి సాక్ష్యం లేదు. నాగయ్య ఆ కోరికను అర్థం చేసుకుని, ఆ గురువు పాటను రఫీకి అప్పగించారు. నగరి మరమగ్గాల మధ్య బతుకుతున్న మనవాళ్లకు, గురుస్థానంలో కూర్చున్న ఆ నేతగాణ్ణి మనం ఎన్నిసార్లు గుర్తు చేశాము?

మిత్రుల ఆక్షేపణ నాకు తెలుసు. కథ చివరికి మహిమతో ముగుస్తుంది. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షలు చెల్లిస్తారు. ఆ శిస్తు కట్టిన రైతు ఊసు ఎక్కడా ఉండదు. ఇది నిజమైన లోపం. గుడికీ కోటకూ మధ్య నలిగిన రైతును ఆ కథ మరిచింది, చిత్రమూ ఆ హద్దు దాటలేదు. కాని పాట కథకు పూర్తిగా లోబడి ఉండదు. బాకీ తీర్చేది మహిమ. దానికి ముందు చెరలో సాగిన వాదులాట మనిషిది. మనం వినవలసినది దానిని.

2006లో 'శ్రీరామదాసు' వచ్చింది. కీరవాణి సంగీతంతో ఇంటింటా మోగింది. అక్కినేని నాగేశ్వరరావు కబీరుగా కనిపించారు. కథ ప్రజల్లో ఇంకా బతికి ఉన్నదనడానికి అది నిదర్శనం. ఆ పాటలు వేల గొంతుల ఉత్సవంలాగా ఉంటవి. ఉత్సవంలో ఒంటరి ఖైదీ గొంతు వినిపించడం కష్టం. అందుకోసం మళ్లీ నాగయ్య దగ్గరకే పోవాలి.

భక్తి సాహిత్యమంతా ప్రతిగాములదేనని మనమే రాసిచ్చినట్టయితే, వారు సంతోషంగా పుచ్చుకుంటారు. అందులోని కబీరును తీసివేసి, నిలదీతను తీసివేసి, మిగిలినదానిని జెండాకు కడతారు. వారసత్వం తగాదాలో మొదట చేయవలసిన పని, మన వాటా ఏదో తెలుసుకోవడం. మన అధ్యయన తరగతుల్లో వేమన పక్కన, గురజాడ పక్కన ఒక సాయంత్రం ఈ పాటలకు కేటాయించండి. విన్న తరువాత తిట్టదలచుకున్నవారు తిట్టవచ్చు. దేవుణ్ణే తిట్టిన కవి పాటలవి; మన విమర్శకు తట్టుకోగలవు.