చక్రం పట్టుకోవడం

2023 నవంబరు 19, ఆదివారం. జనగామ

ఫిబ్రవరి మొదటి ఆదివారం హైదరాబాదులో జరిగే సైకిలు పోటీకి పేరిచ్చాను. ఔటర్ రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద అరవై కిలోమీటర్లు, అందరూ ఒకేసారి బయల్దేరే రకం. బ్రెవేలు, అంటే గడువు లోపల ముగించే దూర సవారీలు, తొక్కినవాణ్ణి కాబట్టి దూరమంటే భయం లేదు. కానీ బ్రెవే లెక్క వేరు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో ముగిస్తే చాలు, మధ్యలో ఆగి ఇడ్లీ తిన్నా ఎవరూ అడగరు, ముందొచ్చినవాడికి ర్యాంకు ఇవ్వరు. పోటీలో పక్కవాడు చూస్తూ ఊరుకోడు.

ఇవాళే సాధన మొదలు. రఘునాథపల్లి వైపు సర్వీసు రోడ్డు నిండా వడ్లు ఆరబోశారు. పరదాలు ఎగరకుండా పెట్టిన రాళ్ళు చీకట్లో కనబడవు. అందుకని పెంబర్తి వైపు వెళ్ళాను. అరగంట సేపు ప్రాణం పెట్టి తొక్కి, చివరి ఇరవై నిమిషాల గుండె వేగం సగటు తీశాను: 168. ఇకపై సాధనంతా ఈ అంకెను బట్టే. పవర్ మీటర్ కొనాలంటే టీచరు జీతం చాలదు, ఛాతీకి కట్టుకునే పట్టీతో సరిపెట్టుకోవాలి.

తిరిగొస్తుంటే ట్రాక్టరు మీద పెద్దాయన అడిగాడు: "ఏం సారూ, పెట్రోలుకు పైసల్ లేవా?"

నవంబరు 28, మంగళవారం

సాధన కాగితం మీద ఈ వారం నాలుగేసి నిమిషాల గట్టి తొక్కుళ్ళు ఉన్నాయి. కానీ ఎన్నికల డ్యూటీ పడింది: రేపు ఈవీఎంలు తీసుకోవాలి, ఎల్లుండి పోలింగు. బూత్‌లో బల్ల మీద పడుకునేవాడికి విశ్రాంతి వారం అని రాసుకుంటే పోయింది.

డిసెంబరు 6, బుధవారం

నిన్న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నాతోపాటు పోటీకి పేరిచ్చిన మానుకోట తమ్ముడు ఫోన్ చేశాడు. కేసముద్రం మార్కెట్లో గుమాస్తా పని అతనిది. అక్కడ వాన వదలడం లేదట. సైకిలు మాట ఎత్తకుండా మిరప తోటల గురించే మాట్లాడాడు. నేనూ ఎత్తలేదు.

డిసెంబరు 24, ఆదివారం. హనుమకొండ

పోటీకి పేరిచ్చిన ముగ్గురం ఇన్నాళ్ళకు ఒక్కచోట కలిశాం. మానుకోట తమ్ముడు నిన్న రాత్రే వరంగల్‌లో చుట్టాలింట్లో దిగాడు. భూపాలపల్లి అన్న సైకిలును జీపుకు కట్టుకుని వచ్చాడు. నిన్న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం, 27న గుర్తింపు సంఘం ఎన్నికలు, వాళ్ళ కాలనీలో మైకుల మోతకు నిద్ర లేదట. మా ముగ్గురిలో గుంపులో పోటీ చేసిన అనుభవం ఆయనొక్కడికే ఉంది. కుర్రవాడిగా ఉస్మానియాలో, 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్‌లో, కొన్నాళ్ళు తిరిగాడు. మా మూడు జిల్లాల్లో అలాంటిది లేదు. మాకున్నదల్లా లారీలతో కలిసి వాడుకునే 163వ నంబరు జాతీయ రహదారి.

ములుగు రోడ్డు పట్టాం. చలికాలం గాలి ఈశాన్యం నుంచే, రోడ్డూ అటే. ఆత్మకూరు దాకా అన్న ముందుండి లాగాడు. "చూపు చక్రం మీద పెట్టకు, నా నడుం మీద పెట్టు. చెవులు మాత్రం చక్రం దగ్గర ఉండాలె" అన్నాడు. కాసేపటికి గానీ అర్థం కాలేదు. ముందువాడు తొక్కడం ఆపగానే ఫ్రీవీలు కిరకిరమంటుంది. బ్రేకు పడబోతోందని చెప్పే మొదటి కబురు ఆ శబ్దమే. అతని వెనక చక్రానికీ నా ముందు చక్రానికీ మధ్య మూరెడు దూరం. అంతకు మించి ఎడం వచ్చిందా, అంతవరకు ఆయన ఛాతీకి తగిలిన గాలి నా మొహాన పడుతుంది. ఆ మూరలోపల ఉంటే అదే వేగానికి దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుందని చదివాను. ఇవాళ పట్టీ చెప్పింది కూడా అదే: ముందున్నప్పుడు 165, వెనక 140.

తమ్ముడికి వెనక ఉండడం నామోషీ. మాటిమాటికీ పక్కకొచ్చి, అతని ముందు చక్రం నా వెనక చక్రం పక్కకి చేరేది. నేను గుంత తప్పించబోయి అటు జరిగితే రెండు చక్రాలూ తగులుకుని పడేది అతనే. అన్న గట్టిగానే అరిచాడు. తమ్ముడు కాసేపు అలిగాడు. కటాక్షపూర్ చెరువు దగ్గర చాయ్ తాగాక సర్దుకున్నాడు. వానాకాలంలో ఈ చెరువు మత్తడి రోడ్డు మీదుగా దూకుతుంది. ఇప్పుడు కొంగలు తప్ప అలికిడి లేదు.

ఇన్నాళ్ళూ ఒంటరిగా నేను పెంచుకున్నది కాళ్ళనే అని ఇవాళ తెలిసింది. కాళ్ళు ఎలాగూ పెరుగుతాయి, రోజూ తొక్కితే చాలు. పక్కన నమ్మకంగా తొక్కే మనిషి దొరకడమే కష్టం.

జనవరి 7, ఆదివారం. జనగామ

పంక్చరు. షాపులో కుర్రాడు ట్యూబుకు అతుకైతే శుభ్రంగా వేశాడు గానీ గాలి పట్టలేకపోయాడు. ప్రెస్టా వాల్వు సన్నది, వాడి కంప్రెసర్ మూతి వెడల్పు. ఆ రెంటికీ కుదరాలంటే మధ్యలో చిటికెన వేలి గోరంత ఇత్తడి బిళ్ల ఉండాలి. నా దగ్గరున్నది హైదరాబాదు నుంచి తెప్పించింది. ఇత్తడి పనికి దేశమంతా పేరున్న పెంబర్తి ఇక్కడే, కూతవేటు దూరంలో ఉంది!

తిండి సంగతి. గంటకు అరవై గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలంటారు. బజారు జెల్ ఒకటి తింటే ఇరవై, పాతిక గ్రాములు, ధర చూస్తే నోరు మూతబడుతుంది. సీసాలో బెల్లం నీళ్ళు, చిటికెడు ఉప్పు, నిమ్మరసం, జేబులో అరటిపళ్ళు పెట్టుకున్నాను. కడుపు ఏమీ అనలేదు. పల్లి పట్టి మాత్రం తొక్కుతూ నమలలేం, ఊపిరికి అడ్డం. దాన్ని ఇంటికొచ్చాకే తినాలి.

జనవరి 15, సోమవారం. సంక్రాంతి

మొన్న హైదరాబాదు లంగర్ హౌజ్‌లో బండి మీద వెళ్తున్న సైనికుడి గొంతు చైనా మాంజా కోసి ప్రాణం తీసింది. ఇవాళ సైకిలు తీయలేదు. సకినాలు తిన్నాను, లెక్కపెట్టలేదు.

జనవరి 21, ఆదివారం. ములుగు రోడ్డు

మేడారం వేడి అప్పుడే మొదలైంది. జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. ముందే మొక్కు తీర్చుకునేవాళ్ళ వాహనాలు రోడ్డు నిండా. ములుగు ముందు గట్టమ్మ దగ్గర అందరూ ఆగి దండం పెట్టుకుంటారు. ఆ ఎగుడు మీదే మేము ఎక్కుతూ దిగుతూ గట్టి తొక్కుళ్ళు చేశాం. కొబ్బరి చిప్పల మధ్య నుంచి సైకిలు నడపడం కూడా సాధనే అని తమ్ముడంటాడు. ఒకావిడ మమ్మల్ని ఆపి బెల్లం ముక్క చేతిలో పెట్టింది. "ఎన్ని మొక్కుకున్నరు బిడ్డా, గిట్ల ఎక్కుతున్నరు?" అని అడిగింది.

అన్న టైర్లకు ఎప్పుడూ నల్లని చార ఉంటుంది. బొగ్గు టిప్పర్లు రాల్చిన పొడి, చెల్పూరు థర్మల్ కేంద్రం బూడిద. తుడవగా తుడవగా గుడ్డ పాడైంది గానీ చార పోలేదట.

ఫిబ్రవరి 2, శుక్రవారం

ఈ వారం సగమే తొక్కాను. కాళ్ళు దురద పెడుతున్నాయి. అది మంచి లక్షణమేనని అన్న చెప్పాడు. చైను కడిగాను, బ్రేకులు చూశాను.

ఫిబ్రవరి 5, సోమవారం

నిన్నటి పోటీ. వేగం భయపెట్టలేదు. గుంపు మధ్యలో కూర్చుంటే అదే లాక్కుపోయింది. మమ్మల్ని కొట్టింది యూ మలుపులు. ముందున్న నలుగురైదుగురు తేలిగ్గా తిరిగి వెళ్ళిపోతారు. వెనక ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఒరుసుకుంటూ దాదాపు ఆగుతారు, తిరిగేసరికి ముందువాళ్ళు వంద గజాలు పోయి ఉంటారు. ఆ ఎడం పూడ్చడానికి ప్రతిసారీ పరుగు తీయాల్సిందే. ఈ రబ్బరు సాగుడు తప్పించుకోవాలంటే మలుపుకు ముందే ముందు వరసలోకి చేరాలి. అన్నకు ఆ సంగతి ఒంటికి పట్టి ఉంది, చివరిదాకా మొదటి గుంపులోనే ఉన్నాడు. నేనూ తమ్ముడూ ఒక మలుపు దగ్గర తెగిపోయాం. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరం, వంతులు వేసుకుని, ముందు తెగిపోయిన ఇంకొందరిని ఏరుకుంటూ గీత దాటాం. తమ్ముడు ఒక్కసారి కూడా పక్కకి రాలేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం. జనగామ

మలుపులు నేర్చుకోవాలి. హైవే మీద కుదరదు, డివైడరు కోత దగ్గర ఎదురొచ్చే బండ్లకు నియమం లేదు. కలెక్టరేటు ముందు రోడ్డు ఆదివారం ఖాళీ. అక్కడ నీళ్ళ సీసాలు గుర్తులుగా పెట్టుకుని తిరగొచ్చు. జాతర అయ్యేదాకా ములుగు వైపు వెళ్ళే మాటే లేదు. మిర్చి రాక మొదలైంది, ఆదివారాలు తప్ప నన్ను పిలవకండని తమ్ముడు ముందే చెప్పాడు. అన్నకు వచ్చే వారం నైట్ షిఫ్టు, దిగి నిద్రపోయి లేచేసరికి ఎండ ముదురుతుంది. 18న సాయంత్రం నాలుగింటికి కలుద్దామని మెసేజ్ పెట్టాను. తమ్ముడు వెంటనే సరేనన్నాడు, అన్న ఇంకా చూడలేదు.