పదమూడోవాడు రాడు!

మౌస్‌తో తెర మీద ఓ గడి గీస్తారు. అందులో ముప్ఫై మంది సైనికులున్నా చేతికి చిక్కేది పన్నెండు మందే. మిగతావాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే! మళ్లీ గీయాలి, మళ్లీ పంపాలి. ఈలోపు శత్రువు వెనక నుంచి దూరిపోతాడు. 1998లో వచ్చిన 'స్టార్‌క్రాఫ్ట్' వీడియోగేమ్‌ని ఇప్పుడు తెరిచినవాళ్లకి ముందు విసుగు పుట్టించేది ఇదే.

అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ తీసిన ఆట ఇది. అంతకుముందు ఆ సంస్థే తీసిన 'వార్‌క్రాఫ్ట్ 2'లో రెండు సైన్యాలకీ రూపాలు వేరు, బలగం దాదాపు ఒక్కటే. ఇక్కడ అలా కాదు. భూమి నుంచి గెంటేసిన ఖైదీల సంతతి టెర్రాన్‌లు... అవసరమైతే భవనాల్నే గాల్లోకి లేపి పక్కకి తీసుకెళ్తారు. జెర్గ్‌లు పురుగుల్లా గుంపులుగా పుట్టుకొస్తాయి. ప్రోటాస్‌లు తక్కువ మందే, కానీ ఒక్కొక్కరూ గట్టివాళ్లు. పోలికే లేని ఈ ముగ్గురి మధ్యా పోరు సమానంగా సాగాలి. అదే ఏడాది చివర్లో వచ్చిన అదనపు భాగం 'బ్రూడ్‌వార్' ఏడు కొత్త బలగాల్ని చేర్చి ఆ లెక్కని దారిలో పెట్టింది. గాయపడ్డ సైనికులకి వైద్యం చేసే మెడిక్ వచ్చాక టెర్రాన్ పదాతి దళానికి ప్రాణం లేచొచ్చింది. కథ కూడా మామూలుది కాదు. సొంతవాళ్లే యుద్ధంలో వదిలేసి వెళ్లిన కెరిగన్, జెర్గ్‌ల రాణిగా మారి అందర్నీ వాడుకుంటుంది. చివరికి గెలిచేదీ ఆమే!

ఆట పుట్టింది అమెరికాలోనైనా, తలకెత్తుకుంది మాత్రం దక్షిణ కొరియా. వీధివీధినా వెలసిన 'పీసీ బాంగ్'లు (బాంగ్ అంటే గది) దానికి అడ్డాలయ్యాయి. పోటీలు టీవీకెక్కాయి. టెర్రాన్‌లు బలహీనులనుకునే రోజుల్లో వాళ్లతోనే గెలిచిన లిమ్ యో హ్వాన్‌ని 'చక్రవర్తి' అన్నారు. 2004లో బూసాన్ సముద్రతీరంలో ఫైనల్స్ చూడ్డానికి లక్షమంది వచ్చారని అప్పటి అంచనా. సైనికుల్ని పన్నెండేసి మందిగా విడగొట్టి నిమిషానికి మూడొందల సార్లు మీటలు నొక్కే ఆ వేళ్లే వాళ్ల జీవనోపాధి మరి.

2010లో దెబ్బ మీద దెబ్బ తగిలింది. పందేల కోసం ఓడిపోయారని 11 మంది ఆటగాళ్లపై జీవితకాల నిషేధం పడింది. అదే ఏడాది 'స్టార్‌క్రాఫ్ట్ 2' వచ్చింది. అందులో మొత్తం సైన్యాన్ని ఒక్క గీతతో పట్టేయొచ్చు. హాయే! 2012లో పెద్ద పోటీలన్నీ అటే మళ్లాయి. కానీ పాత ఆటలో ఎవరి చేతివాటం ఎంతో తేల్చింది ఆ తిప్పలే కదా! అందుకే చాలామంది వెనక్కి వచ్చేశారు. ఇంటర్నెట్ ప్రసారాలతో పోటీలూ మళ్లీ మొదలయ్యాయి.

2017లో బ్లిజార్డ్ పాత ఆటను ఉచితంగా ఇచ్చేసింది. బొమ్మల్నీ శబ్దాల్నీ మెరుగుపరిచిన 'రీమాస్టర్డ్'నీ ఆ ఏడాదే తెచ్చింది. పన్నెండు మంది పరిమితిని మాత్రం ముట్టుకోలేదు. ఇక పాత బొమ్మలే కావాలంటారా... ఆడుతూ ఆడుతూ ఎఫ్5 మీట నొక్కితే చాలు. తెర మళ్లీ 1998లోకి వెళ్లిపోతుంది.