ఆ బల్ల దగ్గర

హోటలు భోజనమంటే మాకు మొదటినుంచీ అంత మక్కువ లేదు. గుంటూరు బ్రాడీపేటలో కాపురం పెట్టి ముప్ఫై అయిదేళ్ళయినా, పెళ్ళిరోజుకో, పిల్లలు పరీక్ష పాసైన రోజుకో తప్ప బయట తిన్నది తక్కువ. "ఆ డబ్బుతో ఇంట్లో వారం రోజులు కూర వండుకోవచ్చు" అన్నది మా ఇద్దరి మాటా. అటువంటి మేము 2024 సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఒక చిన్న ఇటాలియన్ హోటలు గుమ్మం ముందు నలభై నిమిషాలు వంతు కోసం ఎదురు చూశాము. ఆ కాసేపట్లో మా కాళ్ళకంటె మా మనసులే ఎక్కువ నొచ్చాయి. ఎందుకో చెప్పాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

2022 జూన్‌లో మా అబ్బాయి అక్కడే తనతో పనిచేసే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆ పెళ్ళికి మేము వెళ్ళలేదు. అడిగిన బంధువులందరికీ "వీసా దొరకలేదండీ" అని చెప్పాము. ఆ ఏడు అమెరికా వీసా కోసం నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఆగవలసి వస్తోందని పేపర్లలో వస్తూనే ఉంది గనుక అందరూ నమ్మారు. కాని 2017లో అబ్బాయి పట్టా పుచ్చుకునే వేడుకకు వెళ్ళినప్పుడు ఇచ్చిన పదేళ్ళ వీసా మా పాస్‌పోర్టుల్లో అలాగే ఉంది. ఆ పాస్‌పోర్టులు బీరువాలో ఉన్నాయి. మన భాష కాదు, మన వంట కాదు, మన మనిషి కాదు అన్న కోపం తప్ప మమ్మల్ని ఆపినది ఏమీ లేదు.

పెళ్ళి ఫొటోలు పంపితే ఆ కవరు కూడా అదే బీరువాలో పెట్టాము. కోడలు ఫోనులో, నేర్చుకున్న నాలుగు తెలుగు మాటలు కూడబలుక్కుని "అత్తయ్యా, బాగున్నారా? మామయ్యా, భోజనం చేశారా?" అని అడిగేది. మేము అక్కడి చలి సంగతి ఒక మాట అడిగి, "అబ్బాయికి ఇవ్వమ్మా" అనేవాళ్ళం.

2024 వేసవిలో అబ్బాయి ఫోను చేసి, కోడలికి నవంబరులో కాన్పు అని చెప్పాడు. ఆ తరువాత కాసేపు మాట్లాడలేదు. చివరకు "మీరు వస్తారా?" అన్నాడు. "రండి" అనలేదు, "వస్తారా" అన్నాడు. కన్నబిడ్డ మనల్ని ఇంటికి పిలవడానికి కూడా సందేహించే స్థితికి తెచ్చుకున్నామే అని ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. అలా బయలుదేరి వెళ్ళాము.

వెళ్ళిన వారానికి వియ్యంకులు మమ్మల్ని భోజనానికి పిలిచారు. అబ్బాయి ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న ఆ హోటలుకు వాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా వెళుతున్నారట. మొత్తం పదిహేను బల్లలు. ఎరుపు, తెలుపు గళ్ళ గుడ్డలు, గోడమీద యజమాని తాతముత్తాతల ఫొటోలు, లోపలినుంచి వెల్లుల్లి వేగుతున్న వాసన. ముందుగా బల్ల ఉంచే పద్ధతి లేదు, వచ్చిన వరుసలో కూర్చోవలసిందే. వీధి జనమంతా ఒకరినొకరు పలకరించుకుంటూ బయట నిలబడ్డారు. ఆ గుంపులో వియ్యంకుణ్ణి, వియ్యపురాలిని మొదటిసారి ఎదురుగా చూశాము. ఏ ముఖం పెట్టుకుని పలకరించాలో తెలియలేదు. ఇంతలో వియ్యపురాలి తల్లి, ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దావిడ, చేతికర్ర పక్కన పెట్టి, తాను కూర్చున్న బెంచీమీద కొంచెం జరిగి, మా ఇంటావిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చెయ్యి లోపలికి పిలిచేదాకా వదలలేదు.

లోపల కూర్చోగానే వేడివేడి రొట్టె, ఆలివు నూనె తెచ్చి పెట్టారు. భోజనాల జాబితాలో పేర్లన్నీ కొత్త. అబ్బాయి ఒక్కొక్కటే విడమరచి చెప్పాడు. పాస్తా అంటే గట్టిరకం గోధుమ రవ్వ పిండితో చేసేది, మన సేమ్యాకు దగ్గర చుట్టమే. స్పఘెట్టీ మీద పెద్ద పెద్ద కీమా ఉండలు పెట్టి ఇవ్వడం ఇటలీలో పద్ధతి కాదట. అక్కడ మాంసానికి మొహం వాచిన పేదలు అమెరికా వచ్చాక, ఇక్కడ అది చవకగా దొరకడంతో అలా వండడం మొదలుపెట్టారట.

మాకోసం వంకాయ వంటకం తెప్పించాడు. వంకాయలను చక్రాలుగా కోసి, రొట్టె పొడి అద్ది నూనెలో వేయించి, టమాటా గుజ్జు, జున్నులాంటి చీజు పొరలు పొరలుగా వేసి పొయ్యిలో కాలుస్తారు. మా ఇంటావిడ ఒక ముక్క నోట పెట్టుకుని "ఇది మన వంకాయే!" అంది. అబ్బాయి ఆ మాట అనువదించగానే పెద్దావిడ నవ్వి, మీరెలా వండుతారని అడిగింది. గుత్తి వంకాయ కూర సంగతి చెబితే, తన తల్లి కూడా వంకాయల కడుపులో కూరి వండేదని చెప్పింది. వాళ్ళది ఇటలీకి దక్షిణపు కొసన ఉన్న కలాబ్రియా ప్రాంతం. అక్కడివాళ్ళు కారం బాగా తింటారట. ఆమె బల్లమీది ఎండుమిరప పలుకుల సీసా అందుకుని తన పళ్ళెంలో ధారాళంగా చల్లుకుని, మావైపు జరిపింది. గుంటూరు వాళ్ళం, మేము వద్దంటామా!

ఆలోచిస్తే ఆ మిరపకాయ ఇటలీది కాదు, గుంటూరుదీ కాదు. మిరపా, టమాటా రెండూ అమెరికా ఖండాలలో పుట్టిన పంటలే. అయిదు వందల ఏళ్ళ కిందట స్పెయిన్ వాళ్ళ ఓడలమీద ఐరోపాకు, పోర్చుగీసుల ఓడలమీద మన తీరానికీ చేరాయి. ఈనాడు ఆ రెండూ లేని వంట మనకూ లేదు, వాళ్ళకూ లేదు. పరాయిదనుకున్నది ఒకప్పుడు ఎవరో ఒకరు ఇంట్లోకి రానిచ్చారు గనుకనే గదా మనదైంది!

పెద్దావిడ తన కథ చెప్పింది. 1880 నుంచి 1924 వరకు సుమారు 40 లక్షల మంది ఇటలీవాళ్ళు అమెరికా వచ్చారు. ఆమె తండ్రి 1920లో వచ్చాడు. ఆయన తమ్ముడు తరువాత వద్దామనుకునేసరికి, 1924లో చేసిన చట్టం ఇటలీ నుంచి వచ్చేవారిని ఏటా నాలుగు వేలలోపుకు కుదించింది. అన్నదమ్ములిద్దరూ మళ్ళీ ఒకరినొకరు చూసుకోకుండానే పోయారట. అప్పుడు మా అబ్బాయి, మన దేశానికైతే 1946 నుంచి ఏటా 100 మందే హద్దని, 1965లో చేసిన చట్టంతోనే ఆ దేశాల లెక్కలు పోయి మనవాళ్ళకూ, వాళ్ళకూ దారి తెరుచుకుందని చెప్పాడు. సముద్రం దాటే దారి లేక ఆ అన్నదమ్ములు కలుసుకోలేదు. మాకు దారి ఉంది, బీరువాలో వీసా ఉంది.

మా ఇంటావిడ చెంచా కింద పెట్టేసింది. వియ్యపురాలి వైపు తిరిగి, తెలుగులోనే, "అమ్మా, పెళ్ళికి మేము రాలేకపోయాము..." అని మొదలుపెట్టింది. అబ్బాయి అనువదించబోయాడు. "ఆగు నాయనా" అని ఆమె వాణ్ణి ఆపింది. "రాలేకపోయాము అని చెప్పకు. రాలేదు అని చెప్పు."

వాడు కొంతసేపు తల వంచుకున్నాడు. తరువాత అలాగే చెప్పాడు.

బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. చివరకు పెద్దావిడే నోరు విప్పింది. "నేను ఐర్లండు వాళ్ళ అబ్బాయిని చేసుకున్నానని మా నాన్న నా పెళ్ళికి రాలేదు. నా పెద్దబిడ్డ పుట్టిన పదోరోజున తలుపు తట్టాడు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని మేము అడగలేదు. బల్లమీద ఇంకొక పళ్ళెం పెట్టాము." అంతే అంది. అని, తన పళ్ళెంలోని వంకాయ ముక్క ఒకటి తీసి మా ఇంటావిడ పళ్ళెంలో వేసింది. కోడలు కళ్ళు తుడుచుకుంది. మా సంగతి చెప్పనక్కరలేదు.

బిల్లు వచ్చినప్పుడు మామూలు పెనుగులాట జరిగింది. మేము లాక్కున్నాము, వియ్యంకుడు లాక్కున్నాడు. చివరకు ఆయనే ఓడిపోయాడు. వడ్డించిన అమ్మాయికి నూటికి ఇరవై చొప్పున టిప్పు ఇవ్వాలంటే, జీవితంలో మొదటిసారిగా దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోలేదు. మిగిలిన వంటకాలు అట్టపెట్టెల్లో పెట్టి ఇస్తే తీసుకుని లేచాము. వియ్యంకుడు కుర్చీ కింద నుంచి కాగితపు సంచీ ఒకటి తీసి చంకలో పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడు కూడా అది ఆయన చేతిలో చూశాము.

ఇంటికి నడిచి వస్తూ, ఆ సంచీలో ఏముందని అబ్బాయిని అడిగాము. "ద్రాక్షసారా సీసా నాన్నా" అన్నాడు. ఆ రాష్ట్రంలో ఊరి జనాభాలో 3,000 మందికి ఒకటి చొప్పునే హోటళ్ళకు మద్యం లైసెన్సు ఇస్తారట. దాని ఖరీదు చిన్న హోటళ్ళు భరించలేవు. అందుకని ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుని భోజనంతోపాటు తాగుతారు. చుట్టూ అన్ని బల్లలమీదా సీసాలు తెరిచే ఉన్నాయి, మా బల్లమీద తప్ప. "మీ ఇంట్లో తాగరని ఆయనకు తెలుసు. అలవాటుకొద్దీ తెచ్చాడు కాని, మీరు కూర్చోగానే కుర్చీ కిందికి తోసేశాడు" అన్నాడు అబ్బాయి.

ముప్ఫై ఏళ్ళ అలవాటును ఆయన ఒక్క మాట అనకుండా మాకోసం కుర్చీ కింద పెట్టాడు. మేము రెండేళ్ళు మా పంతాన్ని పక్కన పెట్టలేకపోయాము.

నవంబరులో మనుమరాలు పుట్టింది. పెద్దావిడ పిల్లను ఒళ్ళో వేసుకుని తన భాషలో ఏదో పాడింది, మా ఇంటావిడ తెలుగులో జోల పాడింది. పిల్ల రెండింటికీ నిద్రపోయింది. గుంటూరు తిరిగి వచ్చాక మొదట చేసిన పని, బీరువాలోని కవరు తీసి పెళ్ళి ఫొటోకు అద్దం కట్టించడం. అదిప్పుడు ముందుగదిలో, వచ్చినవారందరికీ కనిపించేచోట ఉంది. అడిగిన బంధువులకు వీసా సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాము.

మీ బీరువాలో కూడా అటువంటి కవరు ఒకటి ఉంటే, ఈ రోజే తీయండి. ఆలస్యమైందని సిగ్గుపడి ఆగిపోకండి. మీరు తలుపు తట్టే ఇంట్లో బల్లమీద మీకోసం ఇంకొక పళ్ళెం ఉండవచ్చు.