నేల నాడి పట్టే నాలుగు కడ్డీలు

ఎండాకాలం వచ్చిందంటే విజయనగరం జిల్లా మెట్టపొలాల్లో ఒక దృశ్యం కనిపిస్తుంటుంది. ఒకాయన గట్టుమీద చిన్న పెట్టె పెట్టుకుని కూర్చుంటాడు. ఇద్దరు కుర్రాళ్లు తీగచుట్టలు లాక్కుంటూ వెళ్లి ఇనుప కడ్డీలను నేలలో దిగ్గొడతారు. కాసేపటికి వాటిని పీకి ఇంకాస్త దూరంలో పాతుతారు. చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు... ‘ఏటి బాబూ, నీళ్లు పడతాయంటావా?’ అని.

బోరులో నీళ్లు పడితే పంట, పడకపోతే అప్పు. అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని నీటిజాడ చెప్పేవాళ్లను నమ్మిన ఊళ్లలోకి ఈ పెట్టె వచ్చి చాన్నాళ్లయింది. విశేషమేంటంటే, హిమాలయాల్లో రాళ్లగుట్టల కింద దాగిన మంచును వెతకడానికి శాస్త్రవేత్తలు తీసుకెళ్లేదీ ఇలాంటి పెట్టెనే!

రాళ్లకూ మన పేర్లే!

విజయనగరం నుంచి చీపురుపల్లి సుమారు 30 కిలోమీటర్లు. జూట్ మిల్లుతో పేరుపడ్డ నెల్లిమర్ల దగ్గర చంపావతి నది పలకరిస్తుంది. ఆ పక్కనే రామతీర్థం రాతికొండలు. ఇంకా ముందుకెళ్తే మామిడి, జీడితోటల మధ్య గరివిడి. ఈ దారి పొడవునా కాళ్ల కింద ఉన్నవి తూర్పు కనుమల అతి పురాతన శిలలు.

వాటిలో ముఖ్యమైంది ఖోండలైట్. కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరును 1902లో టి.ఎల్.వాకర్ ఈ రాతికి పెట్టాడు. ఎర్రటి గార్నెట్ గింజలు, అక్కడక్కడా నల్లటి గ్రాఫైట్ రేకులు దీని గుర్తులు. గరివిడి సమీపంలోని కోడూరు పేరు కూడా భూగర్భశాస్త్ర పుస్తకాలకెక్కింది. మనదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో ఈ ప్రాంతంలోనే మొదలైంది. ఇక్కడి గనుల్లోని ఓ వింత రాతికి లూయిస్ ఫెర్మర్ అనే శాస్త్రవేత్త ‘కోడూరైట్’ అని నామకరణం చేశాడు.

నీరూ మోసం చేస్తుంది

ఇంతకీ పెట్టె చేసే పనేంటి? బయటి రెండు కడ్డీల ద్వారా నేలలోకి కరెంటు పంపిస్తారు. లోపలి రెండు కడ్డీల మధ్య వోల్టేజీ ఎంతుందో కొలుస్తారు. దాన్నిబట్టి కరెంటును నేల ఎంతగా అడ్డుకుంటోందో తెలుస్తుంది. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు మరింత లోతుకు దిగుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన కాన్రాడ్ ష్లంబర్జర్ 1912లో నార్మండీ పొలాల్లో ఈ పద్ధతిని పరీక్షించి చూశాడు.

గట్టి రాయి కరెంటును బాగా అడ్డుకుంటుంది. పగిలి, చివికి, నీరు పట్టిన రాయి తేలిగ్గా పోనిస్తుంది. అయితే చిక్కంతా ఇక్కడే. ఖోండలైట్ చివికితే బంకమట్టి అవుతుంది. బంకమట్టీ కరెంటును తేలిగ్గానే పోనిస్తుంది కానీ, పట్టుకున్న నీటిని మాత్రం ఒక పట్టాన వదలదు. గ్రాఫైట్ అయితే చెప్పనక్కర్లేదు, చుక్క నీరు లేకపోయినా కరెంటును లాక్కుపోతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు పెట్టె చూపే అంకెతోనే సరిపెట్టుకోరు. చుట్టుపక్కల నూతుల్లో నీరు ఎంత లోతులో ఉంది, గెడ్డ ఎటు పారుతోంది, పాత బోరుల్లోంచి ఏ మట్టి వచ్చింది... అన్నీ ఆరా తీస్తారు.

అక్కడ గాలి మాయ

హిమాలయాల్లో కథ దీనికి తలకిందులు. అక్కడ వెతికేది మంచుకోసం. కనీసం వరసగా రెండేళ్లు సున్నా డిగ్రీలు, అంతకన్నా తక్కువలో ఉండిపోయే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. రాళ్లూ మంచూ కలిసి కొండవాలు మీద మెల్లగా జారే గుట్టలు రాక్ గ్లేసియర్లు. పైకి చూస్తే ఉత్త రాళ్లకుప్పే. ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల నుంచి కొన్ని మీటర్ల వరకూ కదులుతుంది.

మంచు కరెంటును విపరీతంగా అడ్డుకుంటుంది. కానీ రాళ్ల సందుల్లో ఉండే గాలీ అంతే! మన దగ్గర బంకమట్టి నీరులా నటిస్తే, అక్కడ గాలి మంచులా నటిస్తుంది. అందుకే ఇంకో సాక్ష్యం తీసుకుంటారు. నేలమీద సుత్తితో కొట్టి ఆ ప్రకంపన ఎంత వేగంగా వెళ్తుందో చూస్తారు. మంచులో అది సెకనుకు సుమారు 3,500 మీటర్లు పోతుంది. గాలి నిండిన వదులు రాళ్లలో అందులో సగం వేగం కూడా ఉండదు. రెండు సాక్ష్యాలూ కలిస్తేనే మంచు ఉన్నట్టు లెక్క. స్విట్జర్లాండ్‌లోని ముర్తెల్ రాక్ గ్లేసియర్‌ను 1987లో 50 మీటర్లకు పైగా తొలిచి లోపల ఏముందో నేరుగా చూశారు. ఆ బోరులో ఉష్ణోగ్రతను ఏళ్ల తరబడి కొలుస్తూనే వచ్చారు.

ఇంత శ్రమ ఎందుకంటే, లోపలి మంచు కరిగితే కొండవాలు పట్టు తప్పుతుంది. 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలోని దక్షిణ ల్హోనాక్ సరస్సులోకి గడ్డకట్టిన గట్టు ఒకటి విరిగిపడింది. జారింది 147 లక్షల ఘనపు మీటర్ల మట్టీ రాళ్లూ మంచూ. లేచిన వరద చుంగ్‌తాంగ్ దగ్గర తీస్తా-3 ఆనకట్టను తుడిచిపెట్టేసింది. ఎన్నో ఇళ్లు గల్లంతయ్యాయి.

విజయనగరానికి మంచుకొండల నీరు రాదు. చంపావతికైనా నాగావళికైనా వానే ఆధారం. ఆ వాననీటిలో కొంత రాతి పగుళ్లలోకి ఇంకి దాక్కుంటుంది. దాన్ని వెతకడంలో తప్పు జరిగితే నష్టపోయేది ఒక కుటుంబం. అక్కడి మంచును అంచనా కట్టడంలో తప్పు జరిగితే నష్టపోయేది ఒక లోయ. రెండుచోట్లా కంటికి కనిపించనిదాన్ని ఒక్క సాక్ష్యంతో నమ్మకూడదన్నదే పాఠం.

పొద్దు వాలేవేళకు కుర్రాళ్లు కడ్డీలు పీకి తీగలు చుట్టేస్తారు. గట్టుమీది ఆయన కాగితం మీద గీత గీసి, పొలం మూల ఓ చోట రాయి పాతిస్తాడు. చివరి సాక్ష్యం బోరు లారీది. అది వచ్చేదాకా రైతింట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టదు.