మధ్యాహ్నపు నిద్ర

గోధుమకుప్ప నీడలో ఇద్దరు కోతవాళ్ళు నిద్రిస్తున్నారు. పురుషుడు టోపీని ముఖం మీదికి జరుపుకొని, చేతులు తలక్రింద పెట్టుకొని వెల్లకిల పడుకున్నాడు. ప్రక్కనే స్త్రీ ముడుచుకొని, చేతులలో ముఖం దాచుకొన్నది. విడిచిన జోళ్ళు ఒకచోట, రెండు కొడవళ్ళు ఒకచోట. దూరాన బండి, ఎద్దులు. విన్సెంట్ వాన్‌గో చిత్రించిన ఈ పటం పారిస్ నగరంలోని ఓర్సే మ్యూజియంలో ఉన్నది.

ఈ కూర్పు వాన్‌గోది కాదు. అంతకుముందే ఝాన్ ఫ్రాన్స్వా మిలే రోజులోని నాలుగు వేళలను బొమ్మలుగా గీశాడు. అందులో మధ్యాహ్నవేళ ఇది. ఆ బొమ్మలను మరొకరు కొయ్యపై చెక్కి నలుపు తెలుపులలో అచ్చువేశారు. 1889 మే నెలలో సెయింట్ రెమీలోని మానసిక చికిత్సాలయంలో తనంతట తానుగా చేరిన వాన్‌గోకు, మనుషుల బొమ్మలు వేద్దామంటే ఎదుట కూర్చునేవారు కరవైనారు. అందుచేత మిలే అచ్చుబొమ్మలను ముందు పెట్టుకొని ఇరవై దాకా చిత్రాలు వేశాడు. ఈ మండుటెండ పటం వేసినది 1889 డిసెంబరు, 1890 జనవరి నాటి చలిదినాలలో!

ఇది నకలు కాదా అన్న ప్రశ్నకు ఆయనే సమాధానం చెప్పుకొన్నాడు. నలుపు తెలుపులలోని వెలుగునీడలను రంగులనే మరొక భాషలోనికి అనువదిస్తున్నానని తమ్ముడు థియోకు వ్రాశాడు. ఒకరు కట్టిన సంగీతాన్ని మరొకరు వాయించేటప్పుడు వాయించేవాని వ్యాఖ్యానం కూడా అందులో చేరుతుంది కదా అన్నాడు. మిలే ఇచ్చినది ఆకృతి. కుప్పల పసుపు, దాని సరసన ఆకాశపు నీలం, ఆ నీలమే మళ్ళీ నిద్రించేవారి బట్టలలో దిగిరావడం, ఇవన్నీ వాన్‌గోవి.

అనువాదమనగానే తెలుగువానికి నన్నయ భట్టారకుడు గుర్తురాక మానడు. పదకొండవ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో ఆయన చేపట్టినది వ్యాసుని కథే. కాని అనుష్టుప్పులో నడిచిన కథ చంపకోత్పలమాలలలోనికి, గద్యపద్యాల కలయికలోనికి వచ్చేసరికి తెలుగు కావ్యమైనది. మన ఆదికావ్యమే అనువాదమని చెప్పుకోవడానికి మనకు ఏనాడూ చిన్నతనం కలుగలేదు.

నా పదవీవిరమణ సభలో ఒక పెద్దమనిషి, “మాస్టారూ, ఇన్నేళ్ళు ఇతరుల పద్యాలే చెప్పారు. మీ సొంత రచన ఒక్కటైనా లేదా?” అని అడిగారు. లేదన్నాను. నిజం అదే. అయినా ఆ ప్రశ్న చాలాకాలం ముల్లులా గుచ్చుతూనే ఉండిపోయింది.

ఈ పటం గురించి తెలుసుకొన్న తరువాత ఆ బాధ తగ్గింది. నా పనిని వాన్‌గో పనితో పోల్చుకొనేటంత సాహసం లేదు. కాని వాచకంలోని పద్యం కూడా తెల్లకాగితం మీద నల్లని అచ్చే. పిల్లవాని చెవికి చేరాలంటే ఎవరో ఒకరు దానికి గొంతు ఇవ్వాలి, విరుపు తెలిసి చదవాలి, ఆగవలసినచోట ఆగాలి. ఒకే పద్యాన్ని ముప్పై ఏళ్ళు చెప్పినా ఏ రెండేళ్ళూ ఒకేలా చెప్పిన గుర్తు లేదు. ఆ తేడాలో కొంత నాది కూడా ఉండే ఉంటుంది.

1890 జులైలో, ముప్పైయేడేళ్ళకే వాన్‌గో మరణించాడు. తెలుగు చెప్పే మిత్రులు వీలైతే ఈ పటాన్ని తీరికగా చూడండి. ప్రక్కనే మిలే అచ్చును కూడా పెట్టుకొని చూస్తే మరీ మంచిది.