తిరుమలాయపాలెం బోర్ల అడుగున

ఖమ్మం దాటి తిరుమలాయపాలెం మండలంలోకి వస్తే చాలావరకు పత్తి, మిర్చి చేలే. ఒక చెలక గట్టున కొత్త బోరు పక్కన మూడు కుప్పలున్నాయి: ఎర్రమట్టి, పసుపుపచ్చ మొరం, బూడిదరంగు రాతిపిండి. "మొరంలో చుక్క పడలే సారూ. రాయిలో నెర్రె తగిలినంకనే నీళ్లు," అన్నాడు రైతు.

మొరం ఎండడమే అసలు చిక్కు. ఇక్కడ అడుగునున్నది గ్రానైటు, నైస్ రాయి. వాననీరు ముందు మొరంలో నిలిచి, నిదానంగా పల్లానికి జారి ఆకేరు వాగులో కలవాలి. రాతి నుంచి కరిగిన లవణాలను కూడా మోసుకుపోవాలి. మోటార్లు మొరాన్ని ఖాళీ చేస్తే ఆ దారి తెగి, నీరు పగుళ్లలో విడివిడిగా చిక్కుకుంటుంది. దాన్నే తోడి మడికి పెడితే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. ఇంకిన నీటితో అది మళ్లీ బోరులోకే దిగుతుంది. హైదరాబాదు శివార్లలోని మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల గ్రానైటు పరివాహకంలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్లపాటు పరిశీలించినది ఈ తిరుగుడునే.

ఈ రాతిలోని నల్ల అభ్రకం వంటి ఖనిజాలు నీటిలోకి ఫ్లోరైడును కూడా వదులుతాయి. నీటిలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడును పెరగనివ్వదు. నీరు చిక్కబడేకొద్దీ కాల్షియం సున్నంగా పేరుకుపోతుంది, ఫ్లోరైడుకు అడ్డు తొలగుతుంది. ఫ్లోరైడు రుచిలో తెలియదు. కాచినా పోదు, ఇంకా చిక్కనవుతుంది. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు ఏళ్లతరబడి తాగితే ముందు పళ్లు, తర్వాత ఎముకలు దెబ్బతింటాయి.

మిర్చి ఏరే ఆడవాళ్లు మోటారు దగ్గరే దోసిలి పట్టి తాగారు. "ఇంటికాడ నల్లా నీళ్లు. చెలకకాడ ఇవే గదా బిడ్డా," అంది ఒక పెద్దమ్మ.

2017 జనవరి 31న భక్త రామదాసు ఎత్తిపోతల పథకం మొదలై పాలేరు జలాశయం నీళ్లు ఈ మెట్టకెక్కాయి. కాలువ పారేచోట బోర్లకు విరామమిస్తే మొరం మళ్లీ నిండుతుంది. వరదతో అది జరగదు. 2024 సెప్టెంబరు 1న ఆకేరు ఈ మండలంలోని రాకాసి తండాను ముంచెత్తింది. అంత నీరూ దిగువకే పోయింది. నేలలోకి దిగాలంటే నీరు చెరువులో ఆగాలి.

వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ప్రతి బోరు నీటినీ పరీక్ష చేయించి, ఫలితాన్ని మోటారు పెట్టె మీద పెద్దక్షరాలతో రాయించండి. ఏ నీళ్లు తాగాలో, ఏవి పైరుకే వదలాలో కూలికొచ్చిన వాళ్లకూ తెలియాలి.