తాతయ్య పెన్షన్, తమ్ముడి ఫారం

"నీ మాటైతే వింటాడురా. అగ్నివీర్ వద్దని నువ్వే చెప్పు" అన్నాడు బాబాయి ఫోన్‌లో. శుక్రవారం రాత్రి బెంగళూరులో రైలెక్కి, తాడేపల్లిగూడెంలో దిగాను.

మాది మాధవరం. మిలటరీ మాధవరం అంటే ఇంకా త్వరగా గుర్తుపడతారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది ఈ ఒక్క ఊరి నుంచే వెళ్లారని చెబుతారు. మా తాతయ్య 1966లో వెళ్లాడు. వరిచేలు చూస్తూ పెరిగిన మనిషిని తీసుకెళ్లి మౌంటెన్ ఆర్టిలరీలో వేశారు.

"గన్ను ముక్కలుగా విప్పి కంచర గాడిదల మీద కట్టేవాళ్లం. పైకెక్కాక మళ్లీ బిగించడమే. గుండు ఎక్కడ పడిందో మాకు కనపడదురా. ముందున్న ఆఫీసరు వైర్‌లెస్‌లో చెబితే సరిచేసుకునేవాళ్లం" అంటాడు. 1971లో 8వ మౌంటెన్ డివిజన్‌తో సిల్హెట్ వైపు వెళ్లాడు. దాని కమాండర్ మన తెలుగాయనే, మేజర్ జనరల్ కె.వి.కృష్ణారావు. 1981లో ఆర్మీ చీఫ్ అయ్యారు. తాతయ్యేమో హవల్దారుగా రిటైరయ్యాడు. ఎడమ చెవి వినిపించదు.

తమ్ముణ్ని కూర్చోబెట్టి లెక్క చెప్పాను. నాలుగేళ్ల సర్వీసు. ఆ తర్వాత ఉంచుకునేది 25 శాతం మించదు. మిగతావాళ్లకి సేవానిధి దాదాపు 11.71 లక్షలు. పెన్షన్ లేదు.

అంతా విని, "నీ ఉద్యోగానికి గ్యారంటీ ఉందా అన్నయ్యా?" అన్నాడు.

మొన్న మార్చిలోనే మా టీంలో ఆరుగుర్ని తీసేశారు. ఏం చెప్పను?

పడక్కుర్చీలోంచి తాతయ్య అందుకున్నాడు. "నీ బీటెక్ ఫీజు దేంతో కట్టామనుకున్నావ్?"

ఆయన పెన్షన్‌తోనే. నాకు తెలియంది కాదు. ఆ పెన్షన్‌తో చదువుకుని, అది వాడికి రాదు కాబట్టి వెళ్లొద్దంటున్నాను.

అయినా నా లెక్క తప్పు కాదు. అందుకే వాడితో ఒక్కటే అన్నాను: "వెళ్లు. కానీ డిగ్రీ ఆపకు. నాలుగేళ్లకి తిరిగొచ్చేస్తే, పైచదువు ఫీజు నాది."

బాబాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆదివారం తెల్లారుజామున కాలవ గట్టు మీద వాడు 1.6 కిలోమీటర్లు పరిగెత్తాడు. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నిలబడ్డాను. ఇంటికి రాగానే "ఎంతలో కొట్టాడు?" అన్నాడు తాతయ్య. కుడి చెవి దగ్గరకెళ్లి చెప్పాను.

"ఇంకా తగ్గాలి" అన్నాడు.